బాకా ముందు కూర్చున్న కుక్క

మా ఇంట్లో ఒక నల్ల పెట్టె ఉంది. పైనుంచి చూస్తే పాతకాలపు ప్రయాణపు పెట్టెలాగే ఉంటుంది. మూత ఎత్తితే గ్రామఫోను. తాతయ్య లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే రోజుల్లో కొన్నది. సికింద్రాబాద్‌లో మెట్టుగూడ నుంచి చిలకలగూడకి, అక్కడి నుంచి పద్మారావునగర్‌కి ఇల్లు మారినప్పుడల్లా సామానంతా బండిలో వెళ్తే, ఈ పెట్టె మాత్రం రిక్షాలో నానమ్మ ఒళ్లో కూర్చుని వచ్చేది. దాని స్ప్రింగు తెగిపోయి చాలా ఏళ్లయింది. అయినా నెలకోసారైనా తెరుస్తాను, మూత లోపలివైపు అతికించిన బొమ్మ కోసం.

నాలుగు వేళ్ల వెడల్పు కూడా లేని బొమ్మ. ఒక తెల్ల కుక్క, ఒక యంత్రం, దానికో బాకా. కింద 'హిజ్ మాస్టర్స్ వాయిస్' అన్న అక్షరాలు. ఆ పేరును మా ఇంట్లో ఎవరూ పూర్తిగా పలకగా నేను వినలేదు. 'కుక్కబొమ్మ ప్లేటు' అనేవాళ్లు, అంతే. కుక్క ఎందుకు కూర్చుందని చిన్నప్పుడు అడిగితే నానమ్మ చెప్పిన జవాబు ఇది: "దాన్ని పెంచినాయన పోయాడు. ఆయన గొంతు అందులోంచి వస్తోంది. పాపం, వింటోంది." ఆ మాటలో నిజమెంతో తర్వాత చెబుతాను. ముందు ఆ బొమ్మ పనితనం చూడాలి. విశ్వాసం గురించి లోకంలో ఎన్నో బొమ్మలున్నాయి. ఇంత తక్కువ గీతలతో ఇంత చెప్పినది నాకు మరొకటి కనబడలేదు.

కుక్క పేరు నిప్పర్. 1884లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో పుట్టింది. ఇంటికొచ్చినవాళ్ల పిక్కలు పట్టుకునేదట, అందుకని ఆ పేరు. ఇంగ్లీషులో నిప్ అంటే చిన్నగా కొరకడం. జాతి అంటూ కచ్చితంగా చెప్పలేని టెర్రియర్ సంకరం. దాన్ని పెంచిన మార్క్ బారో నాటకశాలకు తెరలు, దృశ్యాలు గీసే మనిషి. 1887లో ఆయన చనిపోయాడు. కుక్క ఆయన తమ్ముడు ఫ్రాన్సిస్ బారో చేతికొచ్చింది. ఫ్రాన్సిస్ చిత్రకారుడు. తండ్రి హెన్రీ, పెదనాన్న విలియం కూడా గుర్రాలనూ కుక్కలనూ గీసి పేరు తెచ్చుకున్నవాళ్లే. కుక్క వెన్ను ఎక్కడ వంగుతుందో, కూర్చున్నప్పుడు బరువు ఏ కాలి మీద పడుతుందో ఆ ఇంట్లో పిల్లలకు అక్షరాలతోపాటే వచ్చి ఉంటుంది.

నిప్పర్ చివరి రోజుల్లో మార్క్ భార్య దగ్గరికి, లండన్ పక్కనున్న కింగ్‌స్టన్‌కు తిరిగి వెళ్లి, 1895లో అక్కడే కన్నుమూసింది. ఫ్రాన్సిస్ ఈ బొమ్మ గీసింది 1898లో, అంటే కుక్క పోయిన మూడేళ్లకు. ఆ మూడేళ్ల ఎడం నన్ను ఎప్పుడూ ఆపేస్తుంది. ఎదురుగా కుక్క లేదు. కూర్చోమంటే కూర్చోవడానికి లేదు, తల తిప్పమంటే తిప్పడానికి లేదు. పోయిన యజమాని గొంతు వింటున్న కుక్క అని లోకమంతా చెప్పుకునే ఆ బొమ్మలో, నిజానికి పోయింది కుక్క. దాన్ని తలుచుకుంటూ కూర్చున్నది మనిషి.

ఇప్పుడు బొమ్మలోకి వెళ్దాం. అందులో ఉన్నవి రెండే వస్తువులు. ముందుకాళ్లు నిటారుగా ఊని, వెన్ను వాలుగా దించి కూర్చున్న కుక్క ఒక నిలువు త్రిభుజం. యంత్రం దగ్గర సన్నగా మొదలై విచ్చుకుంటూ వచ్చే బాకా ఒక అడ్డ త్రిభుజం. రెండూ ఒకదానికొకటి ఎదురు. కన్ను కుక్క వెన్ను మీదుగా ఎక్కి, మెడ దాటి, ముక్కు చివరిదాకా జారి, అక్కడి నుంచి బాకా నోట్లోకి పోతుంది. లోపల చీకటి. చూపు అక్కడ ఆగి మళ్లీ కుక్క ముఖం దగ్గరికే వస్తుంది. ఎన్నిసార్లు చూసినా ఇదే దారి. చూసేవాడి కన్నును ఇలా పట్టి నడిపించడం చాలా ఏళ్ల సాధన ఉన్నవాడికి గానీ రాదు.

రంగు సంగతి. ఒళ్లంతా తెలుపు, చెవులు మాత్రం ముదురు. వినడం గురించిన బొమ్మలో తెల్లటి తల మీద అన్నిటికంటే ముదురుగా ఉన్నది చెవే కావడం నిప్పర్ పుట్టుకతో తెచ్చుకున్న అదృష్టం. ఆ అదృష్టాన్ని చిత్రకారుడు వదులుకోలేదు. నేపథ్యాన్ని గోధుమ చీకటిలో ముంచేశాడు. గోడ లేదు, కిటికీ లేదు, కుర్చీ లేదు. మనిషి జాడ ఎక్కడా లేదు. యజమాని టోపీయో చేతికర్రో ఒకటి పక్కన పెట్టి ఉంటే చూసేవాడి కంట నీరు తేలిగ్గా వచ్చేది. ఆ రోజుల్లో అలాంటి బొమ్మలు కోకొల్లలు. బారో ఆ పని చేయలేదు. యజమానిని బొమ్మలోంచి పూర్తిగా తీసేసి పేరులో మాత్రం ఉంచాడు. పేరు చదవకపోతే అది యంత్రాన్ని చూస్తున్న కుక్క. చదివాక మరొకటి.

కుక్క కూర్చున్న చోటు నునుపైన, మెరుగుపెట్టిన చెక్క. అందులో కాళ్ల నీడ మసగ్గా కనిపిస్తుంది. ఆ మెరుపు చూసే కాబోలు, అది బల్ల కాదు శవపేటిక అనీ, లోపల యజమాని ఉన్నాడనీ ఒక కథ పుట్టి దేశాలు తిరిగింది. దానికి ఆధారం లేదు. కానీ ఒక బల్ల చెక్కను జనం శవపేటికగా చదువుకున్నారంటే, ఆ కుక్క కూర్చున్న తీరులో అంత బరువు ఉందన్నమాట.

ఇక తల. కొంచెం ఒరిగి ఉంటుంది, కొంచెమే. మరో వేలెడు ఒరిగితే ముద్దొచ్చే కుక్కపిల్ల అయిపోయేది. ఒరగకపోతే కాపలా కుక్క. ఆ రెంటికీ మధ్య సందేహం ఉండే చోటు ఒకటుంది. బారో కుంచె సరిగ్గా అక్కడ ఆగింది. తెలివిగా, కాస్త తికమకగా వింటున్న కుక్క ముఖం గీయాలన్న ఊహ ఉన్నట్టుండి తట్టిందని ఆయనే తర్వాత రాసుకున్నాడు. తెలివి, తికమక రెండూ ఒకే ముఖంలో కనబడాలంటే కనుబొమలు లేని జంతువుకి మెడ వంపే దిక్కు.

అన్నిటికన్నా గొప్ప పని మాత్రం గీయని చోట ఉంది. కుక్క ముక్కుకూ బాకా అంచుకూ మధ్య ఒక ఖాళీ వదిలాడు. దాని విలువ నాకు మా ఇంట్లోనే తెలిసింది.

తాతయ్యకు టైగర్ అని ఒక నాటు కుక్క ఉండేది. తాతయ్య పోయిన కొన్నాళ్లకు బాబాయి పాత క్యాసెట్లు వెతుకుతుంటే ఒకదాంట్లో ఆయన గొంతు దొరికింది. ఎప్పుడో పండక్కి అందరూ చేరినప్పుడు హరిశ్చంద్ర పద్యం ఒకటి పాడి, మధ్యలో దగ్గి, నానమ్మను మంచినీళ్లు అడిగారు. టేపు రికార్డర్‌లోంచి ఆ దగ్గు వినబడగానే వాకిట్లో పడుకున్న టైగర్ లేచింది. లోపలికొచ్చి రికార్డర్‌కేసి ఒక్క క్షణం చూసింది. తల ఒరిగింది, అచ్చం మూత మీది బొమ్మలా. తర్వాత ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసింది. అంతే, దానికి ఆ పెట్టెతో పని తీరిపోయింది. పద్యం సాగుతూనే ఉంది, అది మాత్రం వరండాలో పడక కుర్చీ దగ్గరికి వెళ్లి చుట్టూ తిరిగి, గేటు దాకా వెళ్లి, వచ్చి కుర్చీ కింద పడుకుంది. గొంతు యంత్రంలో విన్నది, మనిషిని మాత్రం మనిషి ఉండే చోటే వెతికింది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ దాని పడక ఆ కుర్చీ కిందే. నానమ్మ ఆ కుర్చీని ఎవరికీ ఇవ్వలేదు.

కుక్కకు మనిషంటే మొదట వాసన. చెవి చెప్పింది ముక్కు ఒప్పుకుంటేనే నమ్ముతుంది. నిప్పర్ అయినా లేచి ఓ అడుగు ముందుకు వేసి బాకాలో ముక్కు పెడితే, ఇత్తడి వాసన తప్ప ఏమీ తగలదు. అక్కడితో ఆశ తీరిపోతుంది. బారో ఎంచుకున్న క్షణం దానికి సరిగ్గా ముందుది. చెవి అవునంది, ముక్కును ఇంకా అడగలేదు. ఆ ఖాళీలో యజమాని బతికే ఉన్నాడు. కొత్త యంత్రం ముందు కూర్చున్న ఒక కుక్క ప్రపంచం మొత్తానికి విశ్వాసం గుర్తుగా నిలిచిపోవడానికి కారణం ఆ జానెడు ఖాళీయేనని నా నమ్మకం.

ఆ రోజుల గొంతు ఎలాంటిదో కూడా తలుచుకోవాలి. మైకు, కరెంటుతో రికార్డు చేయడం 1925లో గానీ రాలేదు. అంతకుముందు అంతా బాకాలోకి అరిచి గీయించడమే. అలా పట్టిన ధ్వని మహా అయితే రెండు మూడు వేల హెర్ట్జ్ దాటేది కాదు. మనిషి చెవి ఇరవై వేల దాకా, కుక్క చెవి నలభై వేలు దాటి వింటుంది. మనం గుర్తుపట్టగలిగే గొంతుగా వినిపించేది కుక్కకు కండ తీసేసిన ఎముకల గూడు లాంటిది. అయినా విని ఒరిగింది ఆ తల.

ఈ బొమ్మకు మొదట్లో గిరాకీ లేదు. 1899 ఫిబ్రవరిలో బారో హక్కులు నమోదు చేయించినప్పుడు దాని పేరు 'ఫోనోగ్రాఫును చూస్తూ వింటున్న కుక్క' అన్నట్టుగా ఉండేది. రాయల్ అకాడమీ వద్దంది, పత్రికలవాళ్లు వద్దన్నారు. అందులో మొదట గీసిన యంత్రం మైనపు గొట్టం మీద పనిచేసే ఎడిసన్ బెల్ ఫోనోగ్రాఫు, దాని బాకా నలుపు. ఇత్తడి బాకా అయితే బొమ్మ వెలుగుతుందని ఎవరో సలహా ఇచ్చారు. 1899 మే చివర్లో ఆయన లండన్‌లోని గ్రామఫోన్ కంపెనీకి వెళ్లింది అందుకే, గీసుకోవడానికి ఒక ఇత్తడి బాకా అరువడగడానికి. మేనేజర్ విలియం బారీ ఓవెన్ బొమ్మ చూసి, ఆ ఫోనోగ్రాఫు చెరిపి మా గ్రామఫోను పెడితే కొంటామన్నాడు. బొమ్మకు 50 పౌండ్లు, హక్కులకు 50 పౌండ్లు. అక్టోబరుకల్లా పాత యంత్రం మీద కొత్త యంత్రం గీసి ఇచ్చాడు. వెలుగు ఒక కోణంలో పడితే అడుగున ఉన్న ఫోనోగ్రాఫు గీతలు ఇప్పటికీ మూల చిత్రంలో కనిపిస్తాయి.

ఈ మార్పులో ఒక లాభం, ఒక నష్టం ఉన్నాయి. ఇత్తడి బాకా వల్ల చిత్రం నడిబొడ్డున ఒక వెచ్చని దీపం వెలిగింది. తెల్ల కుక్క ఛాతీకి అది సరైన జోడీ. నల్ల బాకా ఉండి ఉంటే ఆ వెచ్చదనం ఉండేది కాదు. నష్టం కథలో. మైనపు గొట్టం ఫోనోగ్రాఫులో ఇంట్లోనే గొంతు పట్టొచ్చు, పట్టింది మళ్లీ వినొచ్చు. గ్రామఫోను ప్లేటు అలా కాదు, కంపెనీ అచ్చువేసిందే వినాలి. మామూలు ఇంటి యజమాని గొంతు గ్రామఫోనులో ఉండే వీలు లేదు. పేరు పాత యంత్రానికి సరిపోతుంది, బొమ్మలో మాత్రం కొత్త యంత్రం కూర్చుంది. వందేళ్లు దాటినా ఈ పొసగని సంగతి చూసేవాళ్లకు తట్టదు. కుక్క ముఖం అంతగా నమ్మిస్తుంది.

ఇప్పుడు నానమ్మ మాట. మార్క్ పోయింది 1887లో. ఎడిసన్ మైనపు గొట్టం యంత్రాన్ని మెరుగుచేసి అమ్మకానికి సిద్ధం చేసింది ఆ మరుసటి ఏడు. కాబట్టి మార్క్ గొంతు ఏ గొట్టంలోనూ ఉండి ఉండదు, నిప్పర్ దాన్ని విని ఉండదు. ఈ లెక్క తేలాక కొన్నాళ్లు బాధపడ్డాను. తర్వాత ఆ మూడేళ్ల ఎడం గుర్తొచ్చింది. నానమ్మ చెప్పిన కథలో విశ్వాసం ఉన్నమాట నిజమే, కానీ అది కుక్కది కాదు, దాన్ని మరిచిపోలేని మనిషిది.

కుక్క విశ్వాసాన్ని రాతిలో చెక్కి దాచుకున్న చరిత్ర మనకూ ఉంది. పక్కనే కర్ణాటకలో, మండ్య దగ్గర ఆతకూరులో 949-50 నాటి వీరగల్లు ఒకటి దొరికింది, ఇప్పుడు బెంగళూరు మ్యూజియంలో ఉంది. తక్కోలం యుద్ధంలో పరాక్రమం చూపిన మణలేరుడికి ఏం కావాలని గంగరాజు బూతుగుడు అడిగితే, రాజుగారి కాళి అనే వేటకుక్కను కోరుకున్నాడు. ఆ కాళి ఒక పెద్ద అడవిపందితో కలబడి దాన్ని చంపి తనూ చచ్చిపోయింది. దాని పేరిట రాయి నిలిపి, పూజకు భూమి కూడా ఇచ్చారు. ఆనాటి తెలుగు, కన్నడ లిపులు దాదాపు ఒకటే కాబట్టి, దాన్ని చూస్తుంటే మన ఊరి శాసనమే అనిపిస్తుంది. శిల్పి పందినీ కుక్కనూ కలియబడుతుండగా పట్టాడు, రాయంతా కండరాలూ కోరలూ. అక్కడ విశ్వాసం అంటే తెగింపు. టోక్యోలో షిబుయా స్టేషన్ ముందు హచికో విగ్రహం మరో దారి. యజమాని 1925లో పోయినా, 1935లో తను పోయేదాకా ఆ కుక్క అక్కడికి వస్తూనే ఉంది. దానికి మనిషి వచ్చే దారి తెలుసు, గొంతు లేదు. నిప్పర్‌కు గొంతు ఉంది, మనిషి వచ్చే దారి లేదు. ఈ మూడింట్లో ఏమీ చేయని కుక్క నిప్పరే. కూర్చుని వింటుంది. ఏమీ చేయకపోవడాన్ని గీసి మెప్పించడం మిగతా రెంటికన్నా కష్టమని అనుకుంటాను.

1913 ప్రాంతం నుంచి గ్రామఫోన్ కంపెనీలు ఆ చిత్రానికి నకళ్లు అడగడం మొదలుపెట్టాయి. బారో 1924లో చనిపోయేదాకా అదే బొమ్మను మళ్లీ మళ్లీ గీస్తూ 24 నకళ్లు ఇచ్చాడు. చివరి ఏళ్లలో కంపెనీలు పింఛను కూడా ఇచ్చాయి. ఒకే బొమ్మ అన్నిసార్లు గీయడం చిత్రకారుడికి శిక్ష అని ఎవరైనా అనొచ్చు. నాకలా తోచదు. ఏటా అదే తెల్ల ఛాతీ, అదే ముదురు చెవి, అదే మెడ వంపు. అరవై దాటిన మనిషి, తన నడివయసులో పోయిన కుక్కను ఎదురుగా కూర్చోబెట్టుకున్నట్టే కదా. కుంచె పట్టిన ప్రతిసారీ ఆ ముక్కును బాకాకు తాకనివ్వకుండా అంత దూరంలోనే ఆపాడు.

మన దేశానికి ఆ కుక్క వ్యాపారం వెంట వచ్చింది. 1902 నవంబరులో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ పాడినప్పుడు ప్లేట్లు జర్మనీలోని హానోవర్‌లో అచ్చై తిరిగొచ్చేవి. 1908లో కలకత్తాలోనే ఫ్యాక్టరీ పెట్టారు. ఏ దేశంలో అచ్చైనా ప్లేటుకు ప్రాణం మన లక్క. రాతిపొడి, మసి, నూలు పీచు కలిపి, అన్నిటినీ పట్టి ఉంచడానికి లక్క పోసి వేడి మీద అచ్చు వేసేవాళ్లు. ఆ లక్కలో ఎక్కువ భాగం ఛోటానాగపూర్ అడవుల చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టినదే. హైదరాబాద్ లాడ్ బజార్‌లో నిప్పు మీద మెత్తబరిచి గాజులు చుట్టే లక్కా అదే. నానమ్మ చేతి గాజులూ తాతయ్య ప్లేటూ ఒకే పదార్థం అని తెలిసిన రోజు ఎంత సంతోషించానో చెప్పలేను. జారవిడిస్తే రెండూ ఒక్కలాగే పగులుతాయి.

తైలవర్ణ చిత్రం ఇలా ప్లేటు మీద రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్దదిగా కుదించుకుపోయింది. అయినా చెడలేదు. చాలా గొప్ప చిత్రాలను అంత కుదిస్తే మచ్చలు మిగులుతాయి. చీకటి మీద తెలుపు, ఎదురెదురుగా రెండు త్రిభుజాలు, మధ్యలో ఖాళీ. ఇవి ఉన్నంతవరకు ఏ కొలతలోనైనా బొమ్మ నిలుస్తుంది. వ్యాపార చిహ్నం ఎలా ఉండాలో నేర్పే బళ్లలో దీన్నే మొదటి పాఠంగా పెట్టాలి.

ఆ కుక్కబొమ్మ కింద తెలుగువాళ్లు దాచుకున్న గొంతుల్లో ఘంటసాలది ఒకటి. పుష్పవిలాపం, తర్వాత భగవద్గీత. ఆయన 1974 ఫిబ్రవరి 11న వెళ్లిపోయారు. ఆ గీత ఇప్పటికీ సికింద్రాబాద్ వీధుల్లో వినిపిస్తే, ఎవరింట్లోనో మనిషి పోయారని అర్థం. శవవాహనం మీద మైకులో ఆ గొంతు మలుపు తిరిగేదాకా నిలబడి వింటాం. తాతయ్యను తీసుకెళ్లిన రోజు కూడా అదే మోగింది. టైగర్ ఆ బండి వెనక చిలకలగూడ చౌరస్తా దాకా వచ్చి ఆగిపోయింది.

చిన్నప్పుడు ప్లేటు తిరుగుతుంటే కుక్కను చూడాలని పెట్టె మీదికి వంగేవాడిని. నిమిషానికి 78 చుట్లు. పాట సాగినంతసేపూ కుక్క లేదు, ఒక తెల్లటి వలయం మాత్రం ఉండేది. కీ అయిపోతుంటే గొంతు జీరబోయి, లోతుకు దిగి, సాగి, ఆగేది. అప్పుడు ఆ వలయంలోంచి మెల్లగా చెవి, తర్వాత మెడ, తర్వాత ముక్కు తేలేవి. బాకాకు అంత దూరంలో, తల కాస్త ఒరగేసి. "మళ్లీ కీ ఇవ్వరా" అనేది నానమ్మ వంటింట్లోంచి.